కెమెరా మంచిదే, షేరు సంగతి వేరు

మన పత్రికలో పెద్దలు గిరణి రోజుల గురించి, మార్కండేయ జయంతి గురించి, పిల్లల చదువుల గురించి రాస్తుంటారు. నేను షేర్ల గురించి రాస్తున్నానని నవ్వుకోవద్దు. నేను చదివింది షోలాపూర్ తెలుగు బడిలో నాలుగో తరగతి వరకే. పద్దెనిమిదేండ్లకు గిరణిలో బద్లీ కార్మికుడిగా చేరిన. అది మూతపడ్డాక పవర్‌లూమ్ సాంచెల మీద టవళ్లు నేసిన. 62 ఏండ్లు నిండాక ఇంట్లో కూర్చున్న. కూర్చున్న రెండో ఏడాదే ఒక తప్పు చేసిన. ఆ తప్పు మీ ఇంట్లో జరగొద్దని ఇది రాస్తున్నాను.

మా పెద్దోడు రాత్రి బస్సు నడుపుతాడు. షోలాపూర్ నుంచి హైదరాబాద్, మళ్లీ వాపస్. 2023లో వాళ్ల సేట్ బస్సులన్నిటికీ డ్రైవర్ ఎదురుగా ఒక చిన్న డబ్బా బిగించిండు. అగ్గిపెట్టె కంటే కొంచెం పెద్దది. అది రోడ్డును చూడదు, డ్రైవర్ ముఖాన్ని చూస్తుంది. కన్ను మూతపడితే, తల వాలితే, ఫోన్ వైపు చూస్తే టీ టీ మని అరుస్తుంది.

"బాపూ, మీ జాబర్ మళ్లీ పుట్టి నా ముందు కూర్చున్నడు" అన్నడు వాడు.

నాకు నవ్వొచ్చింది. గిరణిలో మూడో పాళిలో తెల్లవారుజామున నాలుగు గంటలకు మా మీద కన్నేసి తిరిగేది జాబరే. నిలబడే నిద్రపోయేవాళ్లం, అతను వచ్చి భుజం తట్టేవాడు.

మొదటి వారం వాడు డబ్బా మీద పట్టీ అంటించిండు. తర్వాత ఒక రాత్రి జహీరాబాద్ దాటాక అది ఆగకుండా అరిచింది. రెప్ప పడిన సంగతి తనకే తెలియలేదట. బస్సును ధాబా ముందు పక్కకు తీసి, ఇరవై నిమిషాలు పడుకొని, ముఖం కడుక్కొని బయలుదేరిండు. ఆనాటి నుంచి పట్టీ అంటించలేదు. నా కొడుకు కన్ను మీద ఒక కన్ను ఉందంటే మా ఇంటామెకు కూడా రాత్రి నిద్ర పడుతుంది. అందుకే ఆ కెమెరా మీద నాకు కోపం లేదు, గౌరవమే.

కానీ ఆ గౌరవమే నన్ను ముంచింది.

మేనల్లుడి మాట

మా బావమరిది కొడుకు పుణెలో ఉంటాడు. కంప్యూటర్ పని. దసరాకు వచ్చినప్పుడు ఈ కెమెరా ముచ్చట వచ్చింది. వాడు ఫోన్ తీసి ఒక వాట్సాప్ గ్రూపు చూపించిండు.

"మామా, ఇక ప్రతి బండికి ఈ కెమెరా రావాల్సిందే. యూరప్‌లో చట్టమైంది. మన దగ్గర కూడా వస్తది. ఈ చిన్న కంపెనీకి పెద్ద ఆర్డర్ వచ్చిందట. ఇప్పుడు 80 రూపాయలుంది, ఏడాదిలో 400 అయితది."

నా దగ్గర అప్పుడు లక్షా అరవై వేలున్నాయి. అందులో చాలా భాగం మూతపడ్డ గిరణి బాకీ. ఇరవై ఏండ్లు కోర్టులో నలిగి, లిక్విడేటర్ దగ్గర నుంచి చేతికొచ్చిన డబ్బు. ఆ డబ్బు కోసం ఎదురుచూస్తూ నాతో పని చేసినవాళ్లు కొందరు పోయారు కూడా.

నేను 40,000 పెట్టిన. 500 షేర్లు వచ్చాయి. ఐదు వారాల్లో ధర 112 అయింది. ఫోన్‌లో పచ్చ రంగులో 56,000 కనబడుతుంటే నేనేదో తెలివైనోడినని అనుకున్న. ఇంకో 28,000 పెట్టి 250 షేర్లు కొన్న. మొత్తం 750 షేర్లు, నా చేతి నుంచి పోయింది 68,000.

ధర 121 దాకా పోయి దిగడం మొదలైంది. రోజుకు 5 శాతం దిగి ఆగిపోతుంది. దీన్ని లోయర్ సర్క్యూట్ అంటారు. ఆ రోజు అమ్ముదామన్నా కొనేవాడుండడు. మర్నాడు మళ్లీ 5 శాతం. మేనల్లుడికి ఫోన్ చేస్తే "ఆగు మామా, లేస్తది" అన్నడు. వాడు కూడా అందులో మునిగే ఉన్నాడు, వాడిని తిట్టి లాభం లేదు. నెల రోజులు దాటాక 38 రూపాయల దగ్గర కొనేవాళ్లు దొరికారు. 28,500 చేతికొచ్చాయి. 39,500 పోయాయి.

మా ఇంటామె ఏమీ అనలేదు. ఆమె పెండ్లయినప్పటి నుంచి బీడీలు చుడుతుంది. చాట ముందర కూర్చొని, ఆ డబ్బు ఎన్ని వేల బీడీలకు సమానమో లెక్క వేసి చెప్పింది, అంతే. ఆ సంఖ్య ఇక్కడ రాయను.

మనుమరాలు చదివిన పుస్తకం

మా మనుమరాలు బీకాం చదువుతుంది. డబ్బు పోయిన తర్వాత ఆమె ఆ కంపెనీ వార్షిక నివేదికను ఫోన్‌లో తీసి చదివింది. ముందు చదివించుకుంటే బాగుండేది.

ఆమెకు కనబడినవి ఇవి. కంపెనీ అమ్మకాల్లో ఎక్కువ భాగం వేరే సామాన్ల కొనుగోలు, అమ్మకాలదే. కెమెరా మీద వచ్చిన ఆదాయమని ఒక్క వరుస లేదు. పరిశోధనకు పెట్టిన ఖర్చు లేనట్టే. పెద్ద ఆర్డర్ అని గ్రూపులో చెప్పుకున్నది ఒక విదేశీ కంపెనీతో రాసుకున్న అవగాహన పత్రం. "కలిసి పని చేయాలని అనుకుంటున్నాం" అని అందులో ఉంది. ఎన్ని కెమెరాలు, ఏ ధరకు, ఏ తేదీ లోపల అన్నది ఎక్కడా లేదు. యజమానుల వాటా కూడా మూడు నెలలకోసారి తగ్గుకుంటూ వచ్చింది.

"తాతా, పెండ్లి చూపులకే పెండ్లి ఖర్చు పెట్టినవ్" అన్నది.

ఆ తర్వాత నాకు పట్టుదల వచ్చింది. ఈ కెమెరాలు నిజంగా చేసేదెవరు, అందులో డబ్బు ఎవరి చేతికి పోతుందని ఆమెతో చదివించుకుంటూ, అడిగి తెలుసుకుంటూ రెండేండ్లు గడిపిన. తెలిసింది మీతో పంచుకుంటాను.

సాంచె నుంచి కారు దాకా

సాంచె మీద పని చేసినవాళ్లకు ఈ కెమెరా సంగతి సులభంగా అర్థమవుతుంది. పడుగు పోగు తెగితే దాని మీద వేలాడే సన్నని రేకు కింద పడుతుంది, సాంచె దానంతట అదే ఆగుతుంది. పేక తెగినా అంతే. మనిషి చూడకపోయినా యంత్రమే చూసుకుంటుంది. డ్రైవర్ కెమెరా కూడా అదే పని చేస్తుంది. తెగేది పోగు కాదు, మనిషి ధ్యాస.

దీనికి ఒక పాత చుట్టరికం ఉంది. జపాన్‌లో సకిచి టొయోడా అనే ఆయన పోగు తెగితే ఆగిపోయే, నడుస్తుండగానే నాడె మార్చుకునే సాంచెను 1924లో తయారు చేశాడు. 1929లో ఇంగ్లండ్‌లోని ప్లాట్ బ్రదర్స్ కంపెనీ ఆ హక్కులను లక్ష పౌండ్లకు తీసుకుంది. ప్లాట్ పేరు పాత గిరణి కార్మికులకు కొత్త కాదు. మన దేశంలో ఎన్నో గిరణిల్లో వాళ్ల యంత్రాలే నడిచాయి. టొయోడా కొడుకు కార్ల వైపు పోయాడు. 1937లో టొయోటా మోటార్ కంపెనీ పుట్టింది. అదే టొయోటా 2006లో తన లెక్సస్ కార్లలో డ్రైవర్ ముఖాన్ని చూసే కెమెరా పెట్టింది. సాంచె మీద మొదలైన ఆలోచన అదే ఇంటి కారులోకి వచ్చిందన్న మాట.

ఇందులో పెట్టుబడి పాఠం కూడా ఉంది. అంత మంచి సాంచె హక్కులు కొన్న ప్లాట్ బ్రదర్స్ ఈ రోజు లేదు. మంచి యంత్రం చేతిలో ఉన్నా కంపెనీ నిలబడుతుందన్న భరోసా లేదు.

మన సంగతే చూడండి. జనం బట్టలు కట్టడం మానలేదు. షోలాపూర్ చద్దర్లు కప్పుకోవడం మానలేదు. అయినా మన గిరణిలు మూతపడ్డాయి. "అందరికీ అవసరమైన సరుకు, కాబట్టి షేరు పెరుగుతుంది" అని ఎవరైనా అంటే మనకంటే ముందు ఎవరికి అనుమానం రావాలి?

డబ్బు ఎవరి చేతికి పోతుంది

కెమెరా కంటికి కనబడని ఇన్‌ఫ్రారెడ్ వెలుతురును ముఖం మీద వేస్తుంది. అందుకే చీకట్లో కూడా చూస్తుంది, చాలా రకాల నల్ల కళ్లద్దాల వెనుక కూడా చూస్తుంది. రెప్పలు ఒక నిమిషంలో ఎంతసేపు మూసుకొని ఉన్నాయి, చూపు ఎటు పోయింది, తల ఎటు తిరిగింది అని లెక్క కడుతుంది. ఈ లెక్క కట్టే సాఫ్ట్‌వేర్ ఒకరు రాస్తారు. చిప్పు ఇంకొకరు చేస్తారు. అన్నీ కలిపి డబ్బాగా చేసి కార్ల కంపెనీకి ఇచ్చేది మూడోవాళ్లు. బాష్, డెన్సో, మాగ్నా, విస్టియోన్, హర్మన్ లాంటివి ఆ మూడో వరుసలో ఉన్న పెద్ద కంపెనీలు.

స్మార్ట్ కాక్‌పిట్ అనే మాట కూడా వింటుంటారు. డ్రైవర్ ముందుండే మీటర్లు, పెద్ద తెర, మాటతో పని చేసే సహాయకుడు, ఈ కెమెరా, అన్నీ ఒకే చిప్పు మీద నడిపితే దాన్ని అలా పిలుస్తారు.

సాఫ్ట్‌వేర్‌లో పేరున్నవి రెండు. ఒకటి ఆస్ట్రేలియాలో పుట్టిన సీయింగ్ మెషీన్స్. రెండోది స్వీడన్‌లోని స్మార్ట్ ఐ. రెండింటి పనితనం గొప్పదే. క్యాటర్‌పిల్లర్ గనుల లారీల్లోను, 2017లో వచ్చిన క్యాడిలాక్ కారు సూపర్ క్రూజ్‌లోను ఉన్నది సీయింగ్ మెషీన్స్ కన్నే. ఇక షేరు సంగతి వినండి. ఆ కంపెనీ 2005 నుంచి లండన్ మార్కెట్లో ఉంది. అయినా దాని షేరు ధర ఏండ్ల తరబడి పెన్నీల్లోనే నడిచింది. నష్టాలు వస్తుంటే, ఖర్చుల కోసం మళ్లీ మళ్లీ కొత్త షేర్లు అమ్మాల్సి వచ్చింది. షేర్ల సంఖ్య 400 కోట్లు దాటింది. పది మందికి వండిన అన్నం పదిహేను మందికి వడ్డిస్తే ఒక్కొక్కరి విస్తట్లో ఎంత పడుతుంది? స్మార్ట్ ఐ కూడా అంతే. 2021లో అఫెక్టివా అనే అమెరికా కంపెనీని ఏడు కోట్ల డాలర్లకు పైగా పెట్టి కొనేంత ఊపులో ఉంది. ఆ తర్వాత షేరు బాగా పడిపోయింది.

ఎందుకిలా? కారణం మన సాంచె ఆసాములకు తెలిసినదే. ఒక్కో కారు మీద ఈ సాఫ్ట్‌వేర్ కంపెనీకి వచ్చేది కొన్ని డాలర్లే. ఆర్డర్ చేతికొచ్చినప్పటి నుంచి కారు రోడ్డెక్కే దాకా మూడు నాలుగేండ్లు పడుతుంది. ఆ కాలమంతా ఇంజనీర్ల జీతాలు ఇవ్వాలి. ఆర్డర్ విలువ అని పేపర్లలో వచ్చే పెద్ద సంఖ్య, కార్ల కంపెనీ ఇన్ని కార్లు అమ్ముతుందన్న అంచనా మీద వేసింది. కార్లు అమ్ముడుపోకపోతే ఆ డబ్బు రాదు. పైగా కార్ల కంపెనీ ఏటా ధర తగ్గించమని అడుగుతుంది. నూలు సేట్ ధర చెప్తాడు, బట్ట సేట్ ధర చెప్తాడు, నడుమ నేసేవాడు నలుగుతాడు. అక్కడా అదే కథ.

ఇంకో చిక్కు. కార్ల కంపెనీలు సొంతంగా చేసుకోవడం కూడా ఉంది. టెస్లా తన కార్ల లోపలి కెమెరాతో డ్రైవర్‌ను చూసే పనిని 2021లో తానే మొదలుపెట్టింది.

పెద్ద కంపెనీల షేర్లు కొంటే? అక్కడ వేరే తిరకాసుంది. హర్మన్‌ను శాంసంగ్ 2017లో కొనేసింది. హర్మన్ షేరు విడిగా దొరకదు. శాంసంగ్ షేరు కొంటే అందులో కాక్‌పిట్ వాటా పిసరంత. జర్మనీలోని అసలు బాష్ కంపెనీ షేరు మార్కెట్లో లేదు, ఇక్కడి బాష్ లిమిటెడ్ షేరు ఉంది. మన పిల్లలు పుణె, చెన్నై, హోసూరు వైపు ఇలాంటి కార్ఖానాల్లో పని చేస్తుంటారు. మంచి కొలువు ఇచ్చే కంపెనీ వేరు, మనం కొన్న ధరకు లాభమిచ్చే షేరు వేరు.

ధర అంటే గుర్తొచ్చింది. కార్ల సాఫ్ట్‌వేర్ చేసే టాటా ఎల్క్సీ షేరు 2020 మార్చిలో 1,000 లోపల దొరికింది. 2022 ఆగస్టులో 10,000 దాటింది. 2025 నాటికి దాదాపు సగానికి వచ్చింది. కంపెనీ దొంగది కాదు, లాభాల్లో ఉన్నదే. 1,000 దగ్గర కొన్నవాడు నవ్వుతున్నాడు, 10,000 దగ్గర కొన్నవాడు ఏడుస్తున్నాడు. సరుకు ఒకటే, కొన్న ధరే వేరు.

చట్టం వచ్చిందంటే

మేనల్లుడు చట్టం గురించి చెప్పింది అబద్ధం కాదు. యూరప్‌లో 2024 జులై నుంచి అమ్మే ప్రతి కొత్త కారులో డ్రైవర్ మత్తును కనిపెట్టే ఏర్పాటు ఉండాలి. చూపు పక్కకు పోతే హెచ్చరించే ఏర్పాటు కొత్త మోడళ్లకు 2024 జులై నుంచి, కొత్త కార్లన్నిటికీ 2026 జులై నుంచి. అయితే మత్తును కనిపెట్టడానికి కెమెరాయే ఉండాలని లేదు. స్టీరింగ్ ఎలా కదులుతుందో చూసి కూడా చెప్పొచ్చు. మెర్సిడెస్ 2009 నుంచి అలా చేస్తుంది. చూపు పక్కకు పోవడాన్ని పట్టాలంటే మాత్రం కెమెరా కావాల్సి వస్తుంది. చట్టంలో ఏ మాట ఉందో దాన్ని బట్టి ఎవరి సరుకు అమ్ముడుపోతుందో తేలుతుంది.

మన దేశంలో బస్సులకు, లారీలకు ఇలాంటివి పెట్టాలని కేంద్ర రవాణా శాఖ 2025లో ముసాయిదా తెచ్చింది. ముసాయిదా చట్టం కాదు, తేదీలు జరుగుతుంటాయి. ఇంకో మాట. ఏదైనా తప్పనిసరి అయితే చేసేవాళ్లు పది మంది పుడతారు, ధర పడుతుంది. కొనే బస్సు సేట్‌కు అది మేలు. షేరు కొన్నవాడికి మేలు కావాలని లేదు.

మనం అడగాల్సినవి

నేను సలహాదారుని కాదు. దెబ్బ తిన్నవాడిని మాత్రమే. ఈ రంగంలోనైనా, ఇంకే రంగంలోనైనా ఎవరైనా షేరు పేరు చెప్తే ఇప్పుడు నేను అడిగే ప్రశ్నలు ఇవి.

ఒకటి, ఈ కంపెనీకి ఆ సరుకు మీద పోయిన ఏడాది ఎంత డబ్బు వచ్చింది? వార్షిక నివేదికలో చూపించాలి.

రెండు, ఆర్డర్ అన్నది ఒప్పందమా, అవగాహన పత్రమా? ఎన్ని, ఎప్పటి లోపల?

మూడు, నష్టం వస్తుంటే ఆ ఖర్చుకు డబ్బు ఎక్కడిది? కొత్త షేర్లు అమ్ముతున్నారా?

నాలుగు, నాకు డబ్బు కావాల్సిన రోజు ఈ షేరు అమ్ముడుపోతుందా? రోజూ ఎన్ని చేతులు మారుతున్నాయి? ఎక్స్చేంజీ దాన్ని నిఘా జాబితాలో పెట్టిందా?

ఐదు, చెప్తున్నది ఎవరు? సలహా ఇచ్చి డబ్బు తీసుకునేవాళ్లకు సెబీ రిజిస్ట్రేషన్ నంబర్ ఉండాలి. పెట్టుబడి సలహాదారుకైతే ఐ.ఎన్.ఏ. అని, రీసెర్చ్ అనలిస్టుకైతే ఐ.ఎన్.హెచ్. అని మొదలవుతుంది. సెబీ వెబ్‌సైట్‌లో ఆ నంబర్ సరిచూసుకోవచ్చు. నంబర్ ఉన్నంత మాత్రాన లాభం ఖాయం కాదు, కనీసం పట్టుకోవడానికి ఒక మనిషి ఉంటాడు.

ఆరోది నాకు నేనే వేసుకునే ప్రశ్న. ఈ డబ్బు మొత్తం పోతే ఇంట్లో ఏం ఆగిపోతుంది? మందులా, ఫీజులా, బాడుగనా? ఏదైనా ఆగిపోయేటట్టుంటే అది షేర్లలో పెట్టే డబ్బు కాదు.

మిగిలిన డబ్బులో నుంచి లక్ష రూపాయలు పోస్టాఫీసులో సీనియర్ సిటిజన్ పథకంలో వేసిన. 8.2 శాతం వడ్డీ, మూడు నెలలకోసారి 2,050 రూపాయలు వస్తాయి. పుణె మేనల్లుడు "అదేం లాభం మామా" అంటాడు. ఆ డబ్బుతో మా ఇంటామె బీపీ మందులు వస్తాయి.

చివరికి కెమెరా దగ్గరికే వస్తాను. మొన్న పెద్దోడు ఒక మాట అన్నడు. "బాపూ, నేను నిద్రపోతున్నానని ఆ డబ్బా సేట్‌కు చెప్తది. నాలుగు గంటలే పడుకొని డ్యూటీ ఎక్కిన్నని మాత్రం చెప్పది." జహీరాబాద్ దగ్గర ఆగిన రాత్రికి కూడా, బస్సు ఇరవై ఐదు నిమిషాలు ఎందుకు లేటైందని మర్నాడు ఆఫీసులో అడిగారట. ఇప్పుడు వాళ్ల డ్రైవర్లు కలిసి, అంత దూరానికి రెండో డ్రైవర్‌ను ఇవ్వమని సేట్‌ను అడుగుతున్నారు. డబ్బా రాసిన లెక్కనే సాక్ష్యంగా చూపిస్తున్నారు, ఏ గంటకు ఎన్నిసార్లు అరిచిందో అందులో ఉంటుంది కదా. సేట్ ఇంకా ఏమీ చెప్పలేదు.

మీ ఇండ్లలో డ్రైవర్లుంటే వాళ్లతో ఈ సంగతి మాట్లాడండి. షేర్ల గ్రూపుల్లో ఉన్న పిల్లలుంటే వాళ్లకు ఈ వ్యాసం చదివి వినిపించండి. డబ్బు పోగొట్టుకొని ఇంట్లో చెప్పుకోలేక కూర్చున్నవాళ్లు ఎవరైనా ఉంటే, సిగ్గుపడకుండా చెప్పేయండి. నేను మా ఇంటామెకు చెప్పడానికి పదకొండు రోజులు తీసుకున్న. షేరు దిగిన రోజుల కంటే ఆ పదకొండు రోజులే నాకు కష్టమైనవి.